దొన్నుతాత గంప

కొండలకి ఇంకా పేర్లు పెట్టని రోజులు. నక్కకి జిత్తులు, మనిషికి సిగ్గు అప్పుడప్పుడే అబ్బుతున్న రోజులు. ఆ రోజుల్లో, ఏడు గెడ్డలు పారే ఒక కొండ మీద దొన్ను అనే ముసలి రైతు ఉండేవాడు.

ఆ కొండ మట్టి ఎర్రన, గుణం చల్లన. పుల్ల గుచ్చి మరిచిపోతే చిగురేసి పలకరించేది. దొన్నుతాత కోడి కూసేసరికి లేచేవాడు. సొరబుర్ర నిండా అంబలి పోసుకుని భుజాన తగిలించుకునేవాడు. గట్టు తెగితే పూడ్చేవాడు, కలుపు మొలిస్తే పీకేవాడు. ఏ పనీ లేకపోతే పిడికెడు మట్టి చేతిలోకి తీసుకుని ఊరికే కూర్చునేవాడు.

"ఏటి సేస్తన్నావు తాతా?" అని దారినపోయేవాళ్లు అడిగేవారు.

"మాటాడుకుంటన్నాం" అనేవాడు. మట్టీ తనూ అన్నమాట.

అన్ని పనుల్లోకీ ఆయనకి విత్తనాల పనంటే ప్రాణం. తొలి వాన పడగానే గంప ఎత్తేవాడు, కొండకి మొక్కేవాడు, గింజ చల్లేవాడు. ఆ కొండ మీద ఇంటి పెద్దే విత్తు తియ్యాలి, ఇంటి పెద్దే తొలి గింజ చల్లాలి. చెయ్యి కుదరకపోతే గంప కొడుక్కి ఇచ్చేసి, చేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలుకోవాలి. గంప దించినవాడు మంచె ఎక్కుతాడు, మంచె ఎక్కినవాడు పాడె ఎక్కుతాడు అని అక్కడ సామెత. సామెత సరదాగా అన్నా, ముసలివాళ్లకి అది సరదాగా ఉండేది కాదు.

ఆయన ఇంట్లో విత్తనాల బుర్రలు పొయ్యి మీద, పొగ తగిలేలా వేలాడేవి. వాటికి గుర్తులు పెట్టింది ఆయన పెళ్లాం బుద్రి. సామకి సున్నం బొట్టు, చోడికి, అంటే రాగికి, పసుపు బొట్టు, కందికి మసి బొట్టు. బుద్రి పోయింది. బొట్లు మిగిలాయి. మెల్లమెల్లగా తాత కళ్లకి పొర కమ్మి, ఆ బొట్లు కూడా పోయాయి.

ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే గంప పోతుంది.

ఒక ఏడు తొలి వాన పడింది. ఊరిపెద్ద అమ్మవారిని అడిగి, "ఈ ఏడు సామ" అన్నాడు. ఆయన ఏ పంట అంటే కొండంతా ఆ పంటే వెయ్యడం రివాజు. తాత కొడుకు బొంజు వాకిట్లోంచి అరిచాడు.

"నాయనా, ఈ పాలి ఏటైనా తేడా పడిందంటే వొచ్చే ఏడు గంప నాకిచ్చీ. నువ్వు మంచెక్కి పిట్టల్ని తోలుకో."

తాత పొయ్యి దగ్గరికి నడిచాడు. గబగబా ఒక బుర్ర దింపి గంపలో ఒంపాడు. గంప నిండలేదు. ఇంకోటి ఒంపాడు. నిండలేదు. మూడోది ఒంపాడు. ఎక్కడో గాజులు గలగలమని, ఠక్కున ఆగాయి. ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగినా ఏమి కనబడుతుంది!

చేలోకి పోయాడు. గంప ఎత్తాడు, కొండకి మొక్కాడు, గంపలో చెయ్యి పెట్టాడు. సన్న గింజల మధ్య లావు గింజలు తగిలాయి. కంది! సామ, చోడి, కంది అన్నీ ఒకటైపోయాయి.

వెనక్కి పోతే ఊరంతటికీ తెలుస్తుంది. ముసలాయన వంగి పిడికెడు మట్టి తీసుకున్నాడు. "అమ్మా, నీకు తెలుసు గదా" అని మట్టితో అన్నాడు. గింజ చల్లాడు.

మొలకలొచ్చాక చూడాలి ఊరి నవ్వు! మొలక చూసి నవ్వారు, మోకాలెత్తు పెరిగితే నవ్వారు, పూత పట్టినా నవ్వారు. బొంజు మాత్రం నవ్వలేదు. "అయిపోనాది నాయనా. ఇంక మంచే నీకు" అన్నాడు. తాత ఆ పూట అంబలి ముట్టలేదు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు పెద్దలు. సామ ఎన్ను దించే వేళకి గాలివాన పట్టింది. కొండంతా సామ నేలకి ఒరిగి కుళ్లింది. తాత చేలో సామా కుళ్లింది గానీ, ఇంకా పొట్టిగా ఉన్న చోడి వంగి మళ్లీ లేచింది. తర్వాత వానలు ముఖం చాటేశాయి. చోడి సగమే చేతికొచ్చింది. కందికి వేరు లోతు, దానికేం! పచ్చగా పూసి, విరగకాసింది.

ఆ ఏడు మామిడి టెంకల అంబలి తాగుతున్న ఊరికి తాత చేనే దిక్కయింది. ఇంటికింత అని కొలిచి పెడదామని బొంజు అంటే, "కొలతెందుకురా, పట్టుకెళ్లమను" అన్నాడు తాత. అందరి పొయ్యిలూ రాజుకున్నాయి.

మళ్లీ తొలి వానకి ఊరిపెద్దే ఇంటికొచ్చాడు. "దొన్నూ, ఆ గంప ఎలా కలిపినావో మాకూ సెప్పు."

"నాకు కళ్లు కనబడనేదు బాబూ."

"ఎంత అణకువో సూడండర్రా!" అన్నారు జనం. రెండోసారి చెప్పాడు, మూడోసారి చెప్పాడు. నమ్మితే ఒట్టు. బొంజు మాత్రం తలొంచుకుని, గంప తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు.

అలా ఇంకొన్ని వానలు చూశాడు దొన్నుతాత. చివరి ఏడు కూడా గింజ చల్లి వచ్చి మంచం పట్టాడు, మరి లేవలేదు. కోడలు చిలకమ్మ అంబలి తాగిస్తూ ఉంటే ఆమె చేతి గాజులు గలగలమన్నాయి. తాత ఆ చప్పుడు గుర్తుపట్టాడు.

"ఆ రోజు పొయ్యి కాడ ఉన్నది నువ్వేనా?"

"నేనే మావా."

"మూడు బుర్రలూ ఒంపడం సూసినావా?"

"సూసినాను."

"మరెందుకు సెప్పనేదే? సేను పోతే?"

"సేను పోతే దుంపలు తవ్వుకుందుము మావా. గంప పోతే నువ్వు బతుకుదువా?"

తాత కళ్లలో నీళ్లు తిరిగాయి. కోడలి చెయ్యి తడిమి, గాజుల మీద చెయ్యి వేసి, అలాగే కన్నుమూశాడు.

ఇప్పటికీ ఆ కొండ మీద మూడు విత్తులూ కలిపే చల్లుతారు. ముసలివాళ్లు ఏదైనా పొరపాటు చేస్తే, "పోనీ, దొన్నుతాత గంపలే" అంటారు. తొలి వాన పడ్డనాడు ఇంటి పెద్ద బుర్రలు దింపుతుంటే, ఇంటిల్లిపాదీ గోడవైపు తిరిగి నిలబడతారు, ఎవరూ చూడరు. ఆ ఇంటి కోడలు మాత్రం ఒక చేతి గాజులు రెండో చేత్తో ఒడిసి పట్టుకుంటుంది, చప్పుడు కాకుండా.