మునగత్త ఆకులు ఎందుకు చిన్నవయ్యాయి

ఒకప్పుడు మునగాకు చేటంత ఉండేది.

ఇప్పుడు మనం చూసే చిన్నచిన్న ఆకులు కావు. ఒక్క ఆకు కోసి పరిస్తే ఇద్దరు పక్కపక్కన కూర్చుని భోంచేసేవారు. వానొస్తే పిల్లలు తలా ఒక ఆకు నెత్తిన పెట్టుకుని ఇళ్ళకు పరిగెత్తేవారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా ఆ చెట్టు కింద చలవ పందిట్లో ఉన్నట్టే ఉండేది.

మునగచెట్టుకి తన ఆకులంటే మహా గర్వం. గాలి కాస్త జోరుగా వీస్తే చాలు, "ఏయ్, మెల్లగా! నా ఆకులు చిరుగుతాయ్!" అని కసిరేది. పక్క పెరట్లోని అరటిచెట్టుని చూసి, "నీ ఆకుల అంచులన్నీ పేలికలే. నావి చూడు, ఒక్క చిరుగు లేదు" అనేది. అరటిచెట్టు మొహం తిప్పుకునేది.

ఆ మునగచెట్టు గవరమ్మ ఇంటి పెరట్లో ఉండేది. గవరమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికే చెట్టు అక్కడుంది. అందుకని దాన్ని ఆడపడుచులా చూసుకునేది. "వదినా" అని పిలిచేది. చెట్టు కూడా ఆమెను "వదినా" అనే పిలిచేది. గవరమ్మ కూతురు ముత్యాలుకి మాత్రం అది మునగత్త.

గవరమ్మ మొగుడు మేకలు కాసేవాడు. తెల్లవారకముందే మందను కొండకు తోలుకుపోయి, దీపాల వేళకు తిరిగొచ్చేవాడు. పగలంతా ఇంట్లో తల్లీ కూతురూ, నడవలేక ఉండిపోయిన ఒక ముసలి మేకా.

ముత్యాలు మంచి పిల్ల. పిలిస్తే పలికేది, చెప్తే వినేది. ఒక్క పొద్దుటి తిండి దగ్గరే పేచీ.

"తెల్లగా ఉంటేనే తింటాను" అనేది.

తెల్లన్నం, బెల్లం ముక్క. అంతే.

"మరి బెల్లం తెల్లగా లేదు కదే?" అంటే, "బెల్లం లెక్కలోకి రాదు" అనేది.

రాగంబలి పోస్తే "బురద" అనేది. పెసలు ఉడకబెడితే, "వద్దమ్మా, అన్నీ నన్నే చూస్తున్నాయి" అనేది. గుడ్డు పెడితే తెల్లసొన తినేసి పచ్చసొన కంచం అంచున పెట్టేది. ఇక ఆకుకూర కనబడిందా, "అది మేక తిండి!" అని పెరట్లోకి ఒకటే పరుగు.

"సరిగ్గా చెప్పింది" అని ముసలి మేక తల ఊపేది. "నా తిండి దీనికెందుకు?"

"నువ్వు నోర్ముయ్" అనేది గవరమ్మ.

బతిమాలింది. కథలు చెప్పింది. ఒకసారి కోప్పడింది కూడా. కోప్పడినరోజు పిల్ల ఏమీ తినకుండా మూల కూర్చుంటే, చివరికి తనే తెల్లన్నం కలిపి తీసుకెళ్ళింది. రేపు తింటుందిలే, ఎల్లుండి తింటుందిలే అని సర్దుకుపోయింది.

మెల్లమెల్లగా ముత్యాలు కాళ్ళు పుల్లలయ్యాయి. తోటిపిల్లలతో వాగు దాకా వెళ్ళబోయి దారిలోనే కూలబడేది. ఆడుకుంటూ ఆడుకుంటూ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేది.

ఒక సాయంత్రం కొండ దిగి వస్తున్న మేకల గంటలు వినబడ్డాయి. ఎప్పుడూ ఆ చప్పుడుకి ముత్యాలు వీధి చివరిదాకా పరిగెత్తి తండ్రి మెడకు వేలాడేది. ఆ రోజు కదల్లేదు. గుంజ పట్టుకుని నిలబడింది.

"నాన్న వస్తున్నాడే. వెళ్ళవూ?"

"ఇక్కడికే వస్తాడుగా."

గవరమ్మకు ఎందుకో మనసు కీడు శంకించింది. బెల్లం ముక్క తీసి, "ఇదిగో" అని చెయ్యి చాపింది. ముత్యాలు కూడా చెయ్యి చాపింది. ఆ చెయ్యి తల్లి చేతి పక్కనుంచి వెళ్ళిపోయి గాలిలో వెతుక్కుంది.

"దీపం పెట్టలేదేమే అమ్మా?" అంది ముత్యాలు.

దీపం గూట్లో వెలుగుతూనే ఉంది. పడమట ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది.

గవరమ్మ పిల్ల చేతిలో బెల్లం పెట్టి పెరట్లోకి వెళ్ళింది. మునగచెట్టు మొదలుకి నుదురు ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఏంటి వదినా? ఏమైంది?" అంది మునగచెట్టు.

"పిల్లకి చీకటి పడితే చూపు ఆనట్లేదు వదినా. తిండి లేకే ఇలా అయ్యింది. నేనే పట్టుబట్టి పెట్టి ఉండాల్సింది."

"ఓస్, దీనికా ఇంత ఏడుపు! నా ఆకు పెట్టు. కళ్ళకి కావలసిన సత్తువంతా నా ఆకులోనే ఉంది. ఒక్క ఆకు కోసుకుపో, వారం రోజులు వస్తుంది" అని మునగచెట్టు గొప్పగా ఒక కొమ్మ వంచింది.

పొద్దున్నే గవరమ్మ ఆ ఆకును కత్తిపీట ముందు పెట్టుకుంది. ఆకు తోలులా మందంగా ఉంది. ఈనెలు తాళ్ళలా ఉన్నాయి. కోసింది, తరిగింది, నూరింది. అట్ల పిండిలో కలిపితే పచ్చగా కనబడుతుందని భయపడి, తెల్లటి అట్టు పోసి, మధ్యలో ఆ ఆకు ముద్ద పెట్టి, పైన ఇంకో తెల్లటి అట్టు మూసింది.

ముత్యాలు మొదటి ముక్క కొరికింది. నమిలింది. ఆగింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి లాగితే పొడుగాటి ఈనె ఒకటి బయటికొచ్చింది.

"అమ్మా! నాకు తాడు పెట్టావు!"

ఉమ్మేసింది. అట్టు విప్పి లోపల చూసింది. తర్వాత తల్లి మొహంలోకి చూసింది.

"దాచిపెట్టావు" అంది.

అరిచినా బాగుండేది. మెల్లగా అంది.

ఆ రోజునుంచి తెల్లన్నం పెట్టినా వేలితో కెలికి, అడుగుదాకా చూసిగానీ ముద్ద ముట్టేది కాదు. అలా కెలికినప్పుడల్లా గవరమ్మకి ప్రాణం చివుక్కుమనేది. పిల్ల గడ్డం పట్టుకుని, "ఇంకెప్పుడూ దాచను తల్లీ. ఏం పెట్టినా చెప్పే పెడతాను" అంది. ముత్యాలు తల ఊపింది కానీ, కెలకడం మానలేదు.

అటు మునగచెట్టు మూతి ముడుచుకుంది. "నా ఆకును ఉమ్మేసిందా! ఊరంతా నెత్తిన పెట్టుకునే ఆకు!" అని గవరమ్మతో కూడా మాట్లాడ్డం మానేసింది. పక్క పెరట్లో అరటిచెట్టు కిసుక్కున నవ్వింది.

ఒక మధ్యాహ్నం గవరమ్మ నీళ్ళబిందె చంకనెత్తుకుని పెరటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాటలు వినబడ్డాయి. ఆగిపోయింది.

ముత్యాలు చెట్టు మొదట్లో కూర్చుని ఉంది.

"అత్తా, కోపమా?"

చెట్టు పలకలేదు.

"నీ నీడ బాగుంటుంది అత్తా. ఆకే బాగుండదు. అబద్ధం చెప్పమంటావా?"

ముత్యాలు చెట్టుకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"నీకొకటి చెప్తాను. అమ్మతో అనకు. సాయంత్రం నాన్న వస్తే నాకు మొహం కనబడట్లేదు. గంటల చప్పుడు బట్టి, మేకల వాసన బట్టి నాన్నేలే అనుకుంటున్నాను. అమ్మకి తెలిస్తే ఏడుస్తుంది."

గవరమ్మ చంకలో బిందె ఒరిగింది. నీళ్ళు తొణికి చీర తడిసింది. కదిలితే పిల్లకి తెలిసిపోతుందని అలాగే నిలబడింది.

మునగచెట్టు ఎన్నడూ లేనంత నెమ్మదిగా అడిగింది.

"ఎలా ఉంటే తింటావే పిల్లా?"

ముత్యాలు ఆలోచించింది. తన చిటికెనవేలు ఎత్తి గోరు చూపించింది.

"ఇంత. ఇంతే ఉంటే తింటానేమో. నోట్లో తాడు రాకూడదు."

"తింటానేమోనా?"

"తిని చూస్తాను."

ఇక గవరమ్మ ఆగలేకపోయింది. బిందె దించి గబగబా వచ్చింది. "చిన్నపిల్ల, ఏదో అంది. నువ్వు పట్టించుకోకు వదినా. నీ ఆకులు నీకెంత ముద్దో నాకు తెలీదా?"

"ముద్దే వదినా" అంది మునగచెట్టు. "కానీ అది నన్ను అత్తా అని పిలుస్తోంది. ఉత్తినే పిలిపించుకోనా?"

అని గాలిని కేకేసింది. "గాలీ! ఒకసారి ఇలా రా. నా ఆకులన్నీ చీల్చెయ్."

కొండమీద ఆడుకుంటున్న గాలి దిగొచ్చి నోరు తెరిచింది. "నేను ఊపిరి గట్టిగా వదిలితేనే తిట్టేదానివి! ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. చీల్చు."

గాలి చీల్చింది. చేటంత ఆకులు బెత్తెడు పేలికలయ్యాయి.

"ఇంకా" అంది చెట్టు.

పేలికలు వేలెడు ముక్కలయ్యాయి. చెట్టు మొదలునుంచి చివరిదాకా వణికింది. అరటిచెట్టు నవ్వడం మర్చిపోయింది.

"చాలేమో అక్కా" అంది గాలి.

"గోరంత అంది పిల్ల. ఇంకా చీల్చు."

ముత్యాలు తల్లి కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. "అమ్మా, అత్తకి నొప్పిగా ఉంటుందా?"

"ఉంటుంది తల్లీ" అంది గవరమ్మ. దాచనని మాటిచ్చింది కదా.

గాలి వెళ్ళిపోయేసరికి పొద్దు వాలింది. చెట్టుమీద ఈనెలు సన్నటి కాడలై మిగిలాయి. ఆ కాడలకి అటూ ఇటూ చిన్నచిన్న ఆకులు, అంచులు గుండ్రంగా, మెత్తగా వేలాడుతున్నాయి.

తెల్లారి ముత్యాలు తల్లికంటే ముందు లేచింది. పెరట్లోకి వెళ్ళి ఒక చిన్న ఆకు తుంచి చిటికెనవేలి గోరుమీద పెట్టుకుంది. సరిగ్గా సరిపోయింది. ఆ ఆకును పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

"అమ్మా, నేనే కోస్తాను" అంది.

కొమ్మ అందలేదు. ఎగిరింది. ఎగిరినప్పుడు కాళ్ళు తడబడ్డాయి. అది చూసి మునగచెట్టు తనే కొమ్మ వదిలేసింది. పుటుక్కున విరిగి పిల్ల చేతిలో పడింది.

ముత్యాలు గుమ్మంలో కూర్చుని కాడ చివర పట్టుకుని ఒక్కసారి దూసింది. గుప్పెడు ఆకులొచ్చాయి. తనే కడిగింది. గవరమ్మ పెనంమీద అట్టు పోస్తే, తనే పైన చల్లింది. ఆకులు చిటపటమన్నాయి. ఇల్లంతా కమ్మటి వాసన.

"ఇందులో ఏం దాచలేదు. అంతా పైనే ఉంది" అంది గవరమ్మ.

"తెలుసు. నేనేగా వేశాను."

అంచున చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. గవరమ్మ అట్లకాడ చేత్తో పట్టుకుని చూస్తోంది. పెరట్లో చెట్టు ఆకైనా కదపకుండా చూస్తోంది.

ముత్యాలు నమిలింది. ఇంకా నమిలింది.

"చేదుగా ఉందా?"

"కొంచెం."

"ఉమ్మేస్తావా?"

"ఛ. అత్త చూస్తోంది."

మింగేసింది. కాసేపాగి కంచం ముందుకు జరిపింది. "ఇంకో ముక్క. చిన్నది."

గవరమ్మ చిన్న ముక్కే పెట్టింది. పెద్దది పెట్టాలని చెయ్యి లాగినా పెట్టలేదు.

మర్నాడు సగం అట్టు తింది. ఒకరోజు అసలు వద్దంది. గవరమ్మ బలవంతం చెయ్యలేదు. ఆ తర్వాత రోజు తనే వెళ్ళి కొమ్మ తెచ్చుకుంది. పప్పులో వేయమంది. పచ్చసొన కొరికి చూసి, "పర్లేదు" అంది. రాగంబలి మాత్రం ఇంకా బురదే అంది కానీ, బెల్లం వేస్తే తాగింది.

ముసలి మేక వచ్చి, "ఏమే, అది నా తిండి కదా?" అని నిలదీసింది.

"నాది కూడా" అని ముత్యాలు దానికీ ఒక రెమ్మ పెట్టింది.

ఎండలు పోయి వానలొచ్చాయి. ఒక సాయంత్రం గవరమ్మ పొయ్యి దగ్గర ఉండగా గంటలు వినబడ్డాయి. ఆ వెంటనే వీధిలోంచి ముత్యాలు కేక.

"అమ్మా! నాన్న భుజంమీద కొత్త మేకపిల్ల! దాని చెవి ఒకటే నల్లగా ఉంది!"

గవరమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది. మసక చీకట్లో ఆమెకు మనిషి ఆకారం తప్ప ఇంకేమీ కనబడలేదు. కళ్ళు నలుపుకుని మళ్ళీ చూసింది. అంతలోనే ముత్యాలు వీధి చివరికి వెళ్ళిపోయింది. దాని పరుగు చప్పుడు వింటూ గవరమ్మ అక్కడే గడపమీద కూర్చుండిపోయింది.

దగ్గరికొచ్చాక చూస్తే, మేకపిల్లకి నిజంగానే ఒక చెవి నలుపు.

మునగచెట్టు మళ్ళీ పెద్దాకులు వేయలేదు. "ఇప్పుడు పిల్ల బాగానే ఉందిగా, నీ పాత ఆకులు తెచ్చుకోరాదూ?" అని గాలి అడిగితే, "దీని తర్వాత ఇంకో పిల్ల పేచీ పెడుతుందిగా" అంది.

అప్పటినుంచే మునగాకు అంత చిన్నగా ఉంటుంది. అప్పటినుంచే దాని కొమ్మ చిన్నపిల్లలు లాగినా పుటుక్కున విరిగి చేతికొస్తుంది. అప్పటినుంచే మునగచెట్టు కింద నీడ పలచన. ఎండవేళ వెళ్ళి నిలబడి చూడండి, ఒళ్ళంతా వెలుగు చుక్కలే పడతాయి.