ఓబుళమ్మకు వంత

ఓబుళమ్మ తంబుర తిరిగి ఇచ్చేయడానికి గురువు దగ్గరికి వెళ్ళింది.

రొమ్ములో గడ్డ క్యాన్సర్ అని తేలింది. కర్నూలు పోయి మందు ఎక్కించుకుని వస్తోంది. జుట్టంతా ఊడిపోయింది. అన్నం వాసన పడడం లేదు. అయినా తంబుర వదిలేద్దామనుకున్నది అందుకు కాదు.

పెన్న ఒడ్డున చిన్న మఠంలో సుంకన్న సామి దగ్గర ఆమె తత్వాలు నేర్చుకుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు పోయినా ఆ మఠం వాళ్ళకు కబురొస్తుంది. శవం పక్కన కూర్చుని ఓబుళమ్మ గొంతెత్తితే, ఏడ్చేవాళ్ళు కూడా కాసేపు ఊరుకునేవాళ్ళు. ఈ ఒళ్ళు మనది కాదు, దీనికోసం దుఃఖమెందుకు అని పాడేది. పాడడమే కాదు, నమ్మేది కూడా. పరాయి ఒంటి సంగతి నమ్మడం ఎవరికైనా తేలికే.

ఇప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. నీకు మేం చెప్పేదేముంది, నువ్వే పదిమందికి చెప్పేదానివి అంటారు. టీ తాగి, తమ మోకాళ్ళ నొప్పులు చెప్పుకుని, ఆమె చేతనే ధైర్యం చెప్పించుకుని వెళ్తారు. ఇంటాయన కూడా అంతే. నువ్వింత నిబ్బరంగా ఉంటే నాకేం దిగులు అంటాడు. ఆమె నవ్వుతుంది. అందరూ వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకుంటుంది. నిండు ఇంట్లో ఆమె అంత ఒంటరిగా ఎప్పుడూ లేదు.

"సామీ, నేను అబద్ధాలదాన్ని. ఎంతమంది ముంగట పాడినానో. ఇప్పుడు నా దాకా వస్తే ఒక్క మాటా పనికి రాలేదు" అంది, తంబుర ఆయన ముందు పెట్టి.

సుంకన్న సామి తంబుర ముట్టుకోలేదు.

"ఈ మాట ఇంకెవురితో చెప్పినావు?"

"ఎవురితో చెప్పేది? వాళ్ళంతా నన్ను చూసే ధైర్యంగా ఉండారు."

"పున్నానికి రా" అన్నాడాయన. తంబుర మళ్ళీ భుజాన వేసుకుని ఆమె ఇంటికి నడిచింది. సామి మీద కాస్త కోపం కూడా వచ్చింది.

పున్నమినాటి సాయంత్రం మఠం అరుగు మీద అందరూ చేరారు. అక్కడి పద్ధతి ఒకటుంది. తంబుర పట్టినవాళ్ళు ఒక చరణం పాడతారు. మిగతావాళ్ళు వంత పట్టి, దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి పాడతారు. గురువు పక్కన కూర్చుని వింటాడు.

సామి ఓబుళమ్మను పాడమన్నాడు. ఆమె తలమీది కొంగు సర్దుకుని, ఎన్నో చావు ఇళ్ళలో పాడిన తత్వమే అందుకుంది.

"అరువు తెచ్చిన బట్ట ఈ తోలు అన్నా,
అడిగిన నాడు..."

అక్కడ ఆగిపోయింది. తంబుర మీద వేలు మాత్రం ఆడుతోంది.

వంతవాళ్ళు మంచివాళ్ళు. పాట ఆగితే ఆమె చిన్నబుచ్చుకుంటుందని, గంగులప్ప, తిమ్మక్క, తక్కినవాళ్ళు అందరూ ఒక్కసారిగా అందుకున్నారు.

"అడిగిన నాడు ఇచ్చేసి పోదామన్నా..."

సామి చెయ్యెత్తాడు.

"ఆయమ్మ అంతవరకు పాడిందా?"

గంగులప్ప తల అడ్డంగా ఊపాడు.

"ఆమె ఆగినకాడ ఆగండి. మళ్ళా పాడండి."

వాళ్ళు మొదటినుంచి ఎత్తుకున్నారు. అరువు తెచ్చిన బట్ట దాటారు. అడిగిన నాడు అన్నారు. ఆగారు.

ఆగడం అంత కష్టమని వాళ్ళెవరికీ అదివరకు తెలియదు. మిగతా మాటలు నోటిదాకా వచ్చి నిలబడిపోయాయి. గంగులప్ప తువ్వాలు తీసి మొహం మీద పెట్టుకున్నాడు. ఆ చరణంలో ఏముందో ఇన్నేళ్ళకు అప్పుడు వినబడింది.

ఓబుళమ్మ తల ఎత్తకుండానే అంది.

"నాకు భయమైతాంది సామీ. పోవాలని లేదు."

నీకు భయమేంది ఓబుళమ్మా అని గంగులప్ప అనబోయాడు. సామి అతని వంక చూశాడు. అతను నోరు మూసుకున్నాడు.

తంబుర మోగుతూనే ఉంది.

"వంత ఏదప్పా?" అన్నాడు సుంకన్న సామి.

తిమ్మక్క జరిగి వచ్చి ఓబుళమ్మను ఆనుకుని కూర్చుంది. ఓబుళమ్మ ఆసుపత్రి నుంచి వచ్చిన ప్రతిసారీ నీకు మేం చెప్పేదేముంది అన్న మనిషే ఆమె.

"నాకూ భయమైతాందక్కా" అంది. "నువ్వు పోతావేమోనని."