భట్టుగారు ఉమ్మని ఆసవం

మంచుకొండల రాజ్యంలో ద్రాక్షాసవం రుచి చూసే రసజ్ఞభట్టు మాటకు తిరుగులేదు. ఆయన బాగాలేదంటే ఆ తోట చేతులు మారినట్టే. రుచి చూసి ఉమ్మేయడం ఆయన పద్ధతి. ఉమ్మే గిన్నె తోటవాళ్లే పట్టుకోవాలి.

ఆ రోజు కొలువులో రాజు ఎదుట నూకాలు వంతు వచ్చింది. చల్లటి కొండవాలులో ఉన్న తన ఒక్క తోట పళ్లతోనే ఆమె ఆసవం చేసింది. ఆ తోట మీద భట్టు బావమరిదికి ఎప్పటినుంచో కన్నుంది.

భట్టు ఒక గుక్క తాగాడు. "ఇంకాస్త పొయ్యవే, తేల్చుకోవాలి" అంటూ సగం కూజా ఖాళీ చేశాడు. మూతి తుడుచుకుని, "ఉత్త నీళ్లు ప్రభూ. తోట మా బావమరిదికి ఇప్పిస్తే బాగుచేస్తాడు" అన్నాడు.

"ఏమంటావమ్మా?" అన్నాడు రాజు.

"నేనేం చెప్పను ప్రభూ. అందరి ఆసవమూ ఉమ్మారు, నా గిన్నె మాత్రం ఇంకా తడవలేదు" అంటూ నూకాలు గిన్నె బోర్లించింది. చుక్క రాలలేదు.

రాజు తన పాత్ర చాచాడు. "ఆ నీళ్లు మాకూ కొంచెం పొయ్యమ్మా. ఇకమీదట గిన్నె భట్టుగారు పట్టుకుంటారు."