బీలకొచ్చిన చుట్టాల ఫోటో

అనగనగా సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల ఒక ఊళ్ళో దాలమ్మ అని ఒక మనిషి ఉండేది. ఊరి పేరు జమ్ముపేట. ఊరి పక్కనే బీల. బీల అంటే తెలుసా తల్లీ? చెరువూ కాదు, పొలమూ కాదు. మోకాలి లోతు నీళ్ళు, నీళ్ళ నిండా తుంగ, తుంగ సందుల్లో చేపలు. కనుచూపు మేర అదే. నడివేసవిలో కూడా అడుగున తడి ఆరేది కాదు.

ఆ బీలే ఊరికి అన్నం పెట్టేది. మగవాళ్ళు చేపలు పట్టేవాళ్ళు, ఆడవాళ్ళు తుంగ కోసి చాపలు అల్లేవాళ్ళు. దాలమ్మ అల్లిన చాప మీద చెంబెడు నీళ్ళు పోసినా కిందికి చుక్క దిగదని చెప్పుకునేవాళ్ళు. పోసి చూసినవాళ్ళు లేరులే. మంచి చాప మీద నీళ్ళు ఎవరు పోస్తారు?

ఏటా చలి మొదలవగానే బీలకి చుట్టాలొచ్చేవి. బాతులు. తెల్లటి తల మీద రెండు నల్ల చారలుండేవి, అందుకని చారల బాతులనేవాళ్ళు. మంచుకొండల అవతల పుట్టి, ఆ కొండలు దాటి ఎగిరొచ్చేవి. వచ్చేసరికి రొమ్ము ఎముక తేలి, రెక్కలు వాలిపోయి ఉండేవి.

ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి, ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు అని అడుగుతామా? ముందు కాళ్ళకి నీళ్ళిస్తాం, అన్నం పెడతాం. జమ్ముపేట పద్ధతీ అదే. బాతులు దిగిన సాయంత్రమే దాలమ్మ తుంగతో తాడు పేని, బీలకి పోయే దారికి అడ్డంగా కట్టేది. ఆమెకి ముందు ఆమె అత్త కట్టేది. తాడు కట్టాక తొమ్మిది రోజులు బీలలో ఎవరూ కాలు పెట్టకూడదు. వల వెయ్యకూడదు, గేదెల్ని తోలకూడదు, పెళ్ళి జరిగినా డప్పు మోగకూడదు. ఆ తొమ్మిది రోజులూ బాతులు కడుపు నిండా తినేవి, ఈ చోటు మనదే అని నమ్మేవి. ఆ తర్వాత పక్కనుంచి గేదె నడిచిపోయినా మెడ తిప్పి చూసేవి కావు.

అలా ఉండగా ఒక ఏడాది పట్నం నుంచి ఒక కాగితం వచ్చింది. ఏదో కంపెనీకి బీల కావాలట. మట్టి పోసి చదును చేసి, పొగగొట్టాలు లేపుతుందట. ఆ కాగితంలో ఏం రాశారో తెలుసా? "ఇది బంజరు భూమి. నీరు లేదు, పైరు లేదు, పక్షి లేదు" అని రాశారు. జమ్ముపేట వాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆ కాగితం చదివించుకున్నారు తల్లీ!

అప్పుడు దాలమ్మ నలుగుర్ని వెంటబెట్టుకుని పట్నం ఆఫీసుకి వెళ్ళింది. ఆఫీసరు కుర్చీ వేయించాడు, మంచినీళ్ళిప్పించాడు. తియ్యగా మాట్లాడేవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి, ఇది గుర్తుపెట్టుకో.

"పక్షులొస్తాయని రుజువు చూపించండమ్మా, ఆపేస్తాను. ఫోటో తీసుకురండి. నెలాఖరు లోపు తేవాలి" అన్నాడు.

ఆ ఏడాది బాతులు ఆలస్యంగా దిగాయి. నెలాఖరుకి ఏడు రోజులే ఉన్నాయి. దాలమ్మ ఎప్పట్లాగే తాడు కట్టింది. కట్టాక గడువు గుర్తొచ్చింది. చుట్టాలకి తొమ్మిది రోజులు కావాలి, ఆఫీసరేమో ఏడే ఇచ్చాడు.

మొదట ఆమె గట్టు మీద నిలబడి, పక్కింటివాళ్ళ ఫోనుతో ఫోటో తీసి పట్టుకెళ్ళింది. ఆఫీసరు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇవేంటమ్మా, దోమలా?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

ఆ తర్వాత ఆమె కూర్మయ్య దగ్గరికి వెళ్ళింది. కూర్మయ్యది పెళ్ళి ఫోటోల పని. పెద్ద కెమెరా ఉంది, అంతకన్నా పెద్ద బొజ్జ ఉంది. దాలమ్మని అక్క వరసన అప్పా అని పిలిచేవాడు.

"నాకు పెళ్ళికూతుళ్ళని తియ్యడమే తెలుసప్పా. కాస్త నవ్వమ్మా అంటే నవ్వుతారు. ఈ బాతులకి ఏటి చెప్పను?" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకుంటే చాల్రా, అవే నవ్వుతాయి" అంది దాలమ్మ.

కూర్మయ్య ఎక్కడినుంచో దూరపు చూపు అద్దం తెచ్చి కెమెరాకి బిగించాడు. తాడుకి ఇవతలే, చేలో ఉన్న మంచె ఎక్కి, రెండు రోజులు కదలకుండా కూర్చున్నాడు. చలికి వణికాడు, చీమలు కుట్టినా కిక్కురుమనలేదు. ఒక్కో బాతు ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, ముక్కు చివర నీటిబొట్టు కూడా కనిపించింది.

ఆఫీసరు ఆ ఫోటోలు చూసి ముచ్చటపడ్డాడు. కానీ వెనక్కిచ్చేశాడు. "బాతులు బాగున్నాయి. ఇది మీ బీలే అని నమ్మకమేంటి? బాతు మీద ఊరి పేరు రాసుందా?" అన్నాడు.

"ఆధార్ కార్డులు తెమ్మని చెప్తాం బాబూ" అన్నాడు కూర్మయ్య. ఆఫీసరుకి నవ్వు రాలేదు.

ఇక ఒక్క రోజే మిగిలింది. ఊరి పేరు రాసి ఉన్నది ఊరి వైపు గట్టు మీదున్న పంపుషెడ్డు గోడ మీదే. ఆ పేరూ, బాతులూ ఒకే ఫోటోలో పడాలంటే బీల మధ్యకి వెళ్ళి, వెనక్కి తిరిగి తియ్యాలి. అంటే తాడు దాటాలి.

ఆ సాయంత్రం ఊరంతా కూడింది.

"రేపటికి ఏడో రోజేనే. ఇప్పుడు లేపితే మళ్ళీ దిగవు. మన తాతల్నాటి కట్టు అది" అన్నాడు ముసలి లోకనాథం.

"దాటకపోతే బీలే పోతాది తాతా. బీల పోయాక ఈ తాడు ఎక్కడ కట్టమంటావు?" అంది దాలమ్మ.

చివరికి లోకనాథమే, "కట్టినదానివి నువ్వు. విప్పితే నువ్వే విప్పాలి" అన్నాడు.

తెల్లారుతూనే దాలమ్మ తాడు విప్పింది. నీళ్ళు చప్పుడవకుండా ఆమె ముందు, కూర్మయ్య వెనక, అడుగులో అడుగేసుకుంటూ బీల మధ్యకి వెళ్ళారు. వెనక్కి తిరిగారు. ఎదురుగా పంపుషెడ్డు, ఊరి పేరు, ముందు వందల బాతులు. కూర్మయ్య కెమెరా ఎత్తాడు.

అప్పుడు ఒక బాతు మెడ ఎత్తింది. ఆ తర్వాత పది ఎత్తాయి. ఆ తర్వాత బీల బీలంతా ఒక్కసారి లేచింది. రెక్కల చప్పుడుకి దాలమ్మ చెవులు మూసుకుంది. ఆ క్షణంలోనే కూర్మయ్య ఫోటో తీశాడు.

"అప్పా, చూడు! నా జన్మలో ఇలాంటిది తియ్యలేదు" అన్నాడు. కింద ఊరి పేరు, పైన ఆకాశం నిండా రెక్కలు, వాటి మధ్య ఎర్రటి సూర్యుడు. దాలమ్మ ఫోటో చూడలేదు. ఆకాశం చూస్తూ నిలబడింది. మధ్యాహ్నం దాకా అలాగే నీళ్ళలో నిలబడింది. బాతులు దిగలేదు.

ఆ సాయంత్రమే ఫోటో ఆఫీసరు బల్ల మీద పెట్టారు. ఆయన చాలాసేపు చూశాడు. "ఇది చాలు. రేపు నేనే వచ్చి, కళ్ళతో చూసి సంతకం పెడతాను" అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. జీపు దిగాడు. బీలలో నీళ్ళున్నాయి, తుంగ ఉంది, ఒంటరిగా ఒక కొంగ ఉంది.

"ఏవమ్మా మీ పక్షులు?"

"నిన్నటిదాకా ఉన్నాయి బాబూ. నీకు చూపించడానికి మేమే లేపేశాం."

ఆయన ఏదో రాసుకున్నాడు. "పక్షులు లేవు. ఫోటో ఎప్పటిదో తెలియదు." అదీ ఆయన రాసింది. నీళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఆ తర్వాత లారీలొచ్చాయి. మొదటి రోజు ఆడవాళ్ళు దారికి అడ్డంగా పడుకున్నారు. రెండో రోజు పిల్లల్ని కూడా తెచ్చుకుని పడుకున్నారు. మూడో రోజు లాఠీలొచ్చాయి. దాలమ్మ కుడి చెయ్యి విరిగింది. చాపలల్లే చెయ్యి. చేపల మీద, తుంగ మీద, బతికున్న నీళ్ళ మీద మట్టి పోశారు.

తాడు విప్పబట్టే ఇదంతా అని ఊళ్ళో కొందరన్నారు. దాలమ్మ కూడా అదే అనుకుని తిండి మానేసింది. నేనైతే ఒప్పుకోను. మట్టి పొయ్యాలని ముందే అనుకున్నవాడికి ఏ ఫోటో సరిపోతుంది? ఇంటికొచ్చిన చుట్టానికి సాక్ష్యం తెమ్మన్నాడే, పాపం వాడిది. తాడు విప్పిన చేతిది కాదు. నువ్వు పెద్దయ్యాక ఎవరైనా నీ కాళ్ళ కింద నీళ్ళు లేవని కాగితం చూపిస్తే, ఆ కాగితం ముందు తలవంచకు.

ఏంటి? బాతులు మళ్ళీ వచ్చాయా అంటావా?

వచ్చాయి తల్లీ. మరుసటి చలికాలం వచ్చాయి. వాటికి కాగితాల సంగతి ఎవరు చెప్పారు? కొండలు దాటి, ఎముకలు తేలి, ఎప్పటి దారినే వచ్చాయి. ఎర్రమట్టి మీద ఒకసారి చుట్టూ తిరిగాయి. రెండోసారి కాస్త కిందికి దిగి తిరిగాయి. మూడోసారి పంపుషెడ్డుకి తగిలేంత కిందికి వచ్చి, కాళ్ళు చాచి, మళ్ళీ లేచాయి. ఊరంతా బయటికొచ్చి నిలబడింది.

"తియ్యరా కూర్మయ్యా, ఇది కూడా తియ్యి" అంది దాలమ్మ.

కూర్మయ్య కెమెరా ఎత్తాడు. "కళ్ళకి ఏటీ కనిపించట్లేదప్పా" అని దించేశాడు.

బాతులు సముద్రం వైపు వెళ్ళాయి. అటు దిగడానికి నేల లేదు.

కథ పోయింది కంచికి,
మనం వచ్చాం మంచానికి,
కాలు మోపే చోటు లేని పిట్ట
పోయేదెక్కడికి?