మరపుబిందె బోర్లించిన ఒల్లనమ్మ

నల్లమల అంచున, జీలుగుమిట్ట గ్రామానికి పడమటగా ఒక చిన్న గుట్ట ఉంది. బస్సు దిగినవారు గొర్రెల బాట వెంట కొంత దూరం నడిచి, బండల మధ్య మలిచిన మెట్లు ఎక్కితే ఒల్లనమ్మ సన్నిధికి చేరుతారు. గోపురం లేదు. రాతి గోడలు, రేకుల పంచ, ముంగిట తంగేడు పొదలు, అంతే. ఎండాకాలంలో వచ్చేవారు పొద్దెక్కక ముందే రావడం మంచిది. రాళ్లు కాలుతాయి.

అమ్మవారిది నిలువెత్తు నల్లరాతి విగ్రహం. ఇతర క్షేత్రాలలో దేవకన్యల శిల్పాలు చూసినవారికి ఈమె కొత్తగా కనిపిస్తుంది. ఆ దేవకన్యలు చామరమో పూలపళ్లెమో పట్టుకుని తల వంచి ఉంటారు. ఈమె తల ఎత్తి ఆకాశంలోకి సూటిగా చూస్తుంది. ఎడమ చెయ్యి నడుం మీద ఉంటుంది. కుడిచేతిలో ఒక బిందె, మూతి కిందికి. ఈమెకు అభిషేకం చేయరు, భక్తులకు తీర్థం ఇవ్వరు. ఎందుకని అడిగినవారికి ఇక్కడి పెద్దలు చెప్పే కథ ఇది.

పూర్వం స్వర్గద్వారం దగ్గర ధారిక అనే దేవకన్య ఉండేది. పుణ్యం చేసుకుని పైకి వచ్చినవారి దోసిట్లో మరపునీరు పోయడం ఆమె పని. ఆ నీరు తాగగానే వారికి ఊరు, ఆకలి, కన్నవారు, కడుపున పుట్టినవారు, అందరూ మరపున పడేవారు. అలా మరవకపోతే నందనవనంలో కూర్చుని కూడా వెనక వదిలినవారి కోసం ఏడుస్తారని, స్వర్గసుఖం చెడుతుందని దేవేంద్రుడు ఆ ఏర్పాటు చేశాడు.

ఎప్పటినుంచి పోస్తున్నదో ధారికకే తెలియదు. చేస్తున్నది మంచో చెడో ఆమె ఎన్నడూ తలచలేదు. స్వర్గం భోగభూమి, భూలోకం కర్మభూమి అని పెద్దలు చెబుతారు కదా. దేవతలకు పాపం అంటదు, పుణ్యం చేరదు. చెప్పిన పని చెయ్యకుండా ఉండవచ్చునన్న ఊహే వారికి లేదు. ధారిక దోసిళ్లను చూసేదే గాని ముఖాలను చూసేది కాదు.

ఒకనాడు సూరాలు అనే మనిషి వచ్చింది. ఎండకు నల్లబడిన కూలి మనిషి. కాళ్ల పగుళ్లలో భూలోకపు మట్టి ఇంకా ఉంది. ధారిక బిందె వంచబోయేసరికి ఆమె అడిగింది.

“ఏంది తల్లీ ఇది? ఇక్కడ దప్పికే ఉండదంటిరి, మళ్లీ నీళ్లెందుకు?”

“అడక్కుండా తాగెయ్యాలమ్మా, అందరూ తాగారు” అంది పక్కన పూలదండలు పట్టుకున్న దేవకన్య, నవ్వుతూ.

“తాగితే వెనకటివి గుర్తుండవు. దుఃఖం ఉండదు” అంది ధారిక.

“వెనకటివంటే?”

“అన్నీ.”

సూరాలు దోసిలి విడదీసి చేతులు వెనక్కి పెట్టుకుంది. “అయితే నేనొల్లను.”

ఆ మాట ధారిక అంతకు ముందు వినలేదు. భూలోకపు నమస్కారమేమో అనుకుంది. సూరాలు ముఖం చూశాక అది నమస్కారం కాదని తెలిసింది.

“కరువొచ్చిన ఏడు కూలికి పల్లపు ఊళ్లకి పోతా ఉన్నాం” అంది సూరాలు. “గుట్ట మీద నొప్పులొచ్చినయ్. ఆడపిల్ల. పొన్ని అని పేరు పెట్టుకున్నా. నెల కూడా బతకలా. ఆడనే రాళ్లు పేర్చి వచ్చినా. ఆ ఎండలకే నా మొగుడూ పోయాడు, పురుడు పోసిన ముసలమ్మా పోయింది. ఆ పిల్ల మొహం చూసినోళ్లలో నేనొక్కదాన్నే మిగిలా. నేను గూడా మరిస్తే అది పుట్టనే లేదన్నట్టు కాదా?”

ధారిక ఆమె కాళ్ల పగుళ్లలోని మట్టిని చూసింది.

“పిల్ల పోయినా పాలు ఆగలా. బాటలో తల్లులకు పాలెండి పసోళ్లు ఏడస్తా ఉంటే వాళ్లకు పట్టినా. ఆ పుణ్యానికే గదా నన్నీడికి తెచ్చింది? మీకు పుణ్యం కావాల, పొన్ని వద్దా?”

ఆలస్యమవుతున్నదని లోపల ఇంద్రునికి తెలిసింది. పట్టి తాగించమని ఆజ్ఞ వచ్చింది. ధారిక అలవాటు చొప్పున సూరాలు దవడ పట్టుకుంది. కన్నీరు వేడిగా వేళ్లకు తగిలింది. బిందె ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. ఎవరు ఆపారా అని ధారిక అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. ఆపింది తానేనని అప్పుడు తెలిసింది. అయినా చెయ్యి కదపలేదు.

ఆమెను సభకు పిలిపించారు. బిందెతోనే వెళ్లింది. వెనకే సూరాలు కూడా, ఎవరూ పిలవకపోయినా, వెళ్లింది.

“నా ఆజ్ఞ వినపడలేదా?” అన్నాడు ఇంద్రుడు.

“వినపడింది ప్రభూ.”

“మరి?”

“ఒల్లను.”

వీణలు ఆగాయి. ఇంద్రుడు కోపగించలేదు. చంటిపిల్ల మాటకు నవ్వినట్టు నవ్వాడు. “ధారికా, దీపం వెలుగిస్తుంది. అందుకు దానికి పుణ్యం రాదు. నువ్వూ అంతే. నీకెందుకు ఈ మంచీ చెడూ?”

“దీపం నేను వెలగనని చెప్పదు ప్రభూ. నేను చెబుతున్నాను.”

“ఈమె ఏడిస్తే నందనవనమంతా వినపడుతుంది. ఇంతమంది సుఖం చెడుతుంది. అది నీకు మంచిగా తోచిందా?”

“ఆమె పుణ్యం ఆ ఏడుపులోనే పుట్టింది. పుణ్యాన్ని లోపలికి రానిచ్చి, ఏడుపును గుమ్మం దగ్గర ఆపడం నాకు న్యాయంగా తోచలేదు.”

“తోచడమా! నీకు తోచడం ఎప్పటినుంచి?”

“ఈ పూట నుంచి.”

“బాగా చెప్పావు తల్లీ” అంది వెనకనుంచి సూరాలు. సభలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. అప్పుడు ఇంద్రునికి నిజంగా కోపం వచ్చింది. బిందె లాక్కొని ఆ కూలిదానికి తాగించమని పక్కవారికి సైగ చేశాడు. వారు దగ్గరికి రాకముందే ధారిక బిందెను తలకిందులు చేసింది. మరపునీరంతా మబ్బుల సందున కిందికి కారిపోయింది.

ఇంద్రుడు ఆమెను మబ్బు అంచుకు పిలిచి కిందికి చూపించాడు. భూలోకంలో అది సాయంకాలం. పనిపాటలు చేసుకునేవారు ఇంకా పొలాల్లోని చెట్ల కిందే ఉన్నారు. ఆరుబయట మంచాల మీద కూర్చున్న ముసలివారి మీదే ఆ నీరు ఎక్కువగా పడింది. ఒక అవ్వ అన్నం వడ్డిస్తూ ఎవరికి వడ్డిస్తున్నదో తెలియక గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఒక తాత సొంత గడపలో నిలబడి, ఈ ఇల్లెవరిది బాబూ అని కొడుకునే అడిగాడు. అంతవరకు భూలోకంలో ముసలితనం ఉన్నదే గాని ఈ మరపు లేదు.

ధారిక ముఖం కప్పుకుంది.

“పడినదాన్ని నేను కూడా ఎత్తలేను” అన్నాడు ఇంద్రుడు. ఆ గొంతులో ఇప్పుడు కోపం లేదు. “చెయ్యి జారిందని చెప్పు. జారితే పాపం అంటదు. నీ చోటు నీకు ఉంటుంది.”

ధారిక చేతులు ముఖం మీదనుంచి తీసింది.

“జారలేదు ప్రభూ. నేనే ఒంపాను. ఈమెకు చేసిన మేలు నాదైతే ఆ కీడూ నాదే. ఒకటి నాది, ఒకటి నాది కాదని చెప్పలేను.”

“పాపం ఒప్పుకున్నవారికి ఇక్కడ చోటు లేదు.”

“తెలుసు. నా పాపం పడిన చోటికే పోతాను.”

ఆమెను స్వర్గం నుంచి తోసివేశారని కొందరు చెబుతారు. అది తప్పు. ఎవరూ ఆమెను తాకలేదు. ఖాళీ బిందె పట్టుకుని ఆమె తనంతట తానే నడిచి దిగింది. సూరాలు పైనే ఉన్నది. మరపునీరు మిగలలేదు గనుక ఆమెను ఎవరూ ఏమీ చేయలేకపోయారు. నందనవనంలో జోలపాట పాడేది ఆమె ఒక్కతేనని, కొందరు దేవతలు చాటుగా వచ్చి వింటారని ఇక్కడివారి నమ్మకం.

ధారిక పొన్నిని ఉంచిన రాళ్ల పక్కన వచ్చి నిలబడింది. అలాగే శిల అయింది. చాలా కాలం ఆ శిల ముళ్లపొదల్లో మరుగున ఉండిపోయింది.

తరువాత ఎల్లమంద అనే గొర్రెల కాపరి తప్పిపోయిన గొర్రె కోసం పొదల్లోకి దూరి, శిలను చూశాడు. ఎండకు అలసి దాని నీడలో కునుకు తీశాడు. కలలో అమ్మ కనిపించి, తన కథా పొన్ని పేరూ చెప్పి, ఏం కావాలని అడిగింది.

“మా అమ్మ నన్ను గుర్తుపట్టడంలేదు తల్లీ. ఎప్పుడో పోయిన మా మామ పేరుతో పిలుస్తున్నది. ఆ మరపు తీసెయ్.”

“అది నా వల్ల కాదు. పోసినదాన్ని నేనే, ఎత్తడం నాకు రాదు. ఆమె మరిచినవన్నీ వచ్చి నాకు చెప్పు. నేను మరవను.”

“పూజకు ఏం తేవాలి? చీరా, పసుపూ?”

“పేర్లు తీసుకురా.”

“ఎవరి పేర్లు?”

“నువ్వు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరనుకున్నవాళ్లవి.”

ఆ ఎల్లమంద వంశంవారే నేటికీ ఇక్కడ అర్చకులు. ప్రస్తుతం ఆ ఇంటి కోడలు గురవమ్మగారు పూజ చేస్తున్నారు. ఒల్లనమ్మ ముందు సాష్టాంగపడే ఆచారం లేదు. నిటారుగా నిలబడి, తల ఎత్తి, పోయినవారి పేరు గట్టిగా చెప్పాలి. గొణిగితే గురవమ్మగారు “ఏందయ్యా, అమ్మకు దొంగచాటుగా చెబుతున్నావా? మళ్లీ చెప్పు” అని గదమాయిస్తారు. ఎవరూ చిన్నబుచ్చుకోరాదు.

ఆదివారాలు మరపు సోకిన పెద్దలను వెంటబెట్టుకుని వస్తారు. వారు మరిచిన సంగతులను ఇంటివారు అమ్మకు వినిపిస్తారు. ఒకసారి ఒక మనుమడు తాతగారి తెల్ల కాడెద్దు గురించి చెబుతుంటే, ఏడాదిగా పెదవి విప్పని ఆ తాత “తెల్లది కాదురా వెధవా, మైలది” అన్నాడట. అలాంటివి జరుగుతాయి. జరగకపోవడమే ఎక్కువ. ఇక్కడ మరపు నయమవుతుందని ఎవరూ చెప్పరు, చెబితే నమ్మవద్దు. ఒకసారి ఇక్కడ పలికిన పేరు మాత్రం పోదు. పలికినవారు మరిచినా, వారి తరువాతివారు మరిచినా, అమ్మ దగ్గర ఉంటుంది. ఇష్టం లేని పనికి కాదనలేక నలిగిపోయేవారు ఇక్కడ నిలబడి వెళితే నోరు పెగులుతుందని కూడా ప్రతీతి.

ఉదయం తలుపు తీయగానే అర్చకులు అమ్మవారి నామం చెప్పరు, స్వర్గాధిపతి నామమూ చెప్పరు. ఆకాశం కేసి తల ఎత్తి, గుట్ట కింద ఊరికి వినపడేటట్టు మొదట పొన్ని పేరు పిలుస్తారు.