నూకరత్నం వంతు ఉయ్యాల

అనగనగా ఏటిపాలెమని ఒక ఊరుండేది బుజ్జీ. ఆ ఊళ్ళో అందరికీ జాలి జాస్తి. పని లేనప్పుడు ఇంకాస్త పెరిగేది.

ఆ ఊళ్ళో కల్లు గీసే అప్పలకొండకు నూకరత్నమని ఒక కూతురు. పుట్టుకతోనే దాని కాళ్ళలో బలం లేదు. చేతుల్లో మాత్రం బోలెడు. కూర్చున్న చోటి నుంచే నిండు బిందెను లాగేసేది. నాన్న తాడిచెట్టు ఎక్కుతుంటే కింద కూర్చుని చూసేది. ఆయన నడుముకూ చెట్టుకూ కలిపి మోకుతాడు చుట్టుకుని, అంత ఎత్తున రెండు చేతులూ వదిలేసి కల్లు గీసేవాడు.

ఆ పిల్లకు ఒకటే కోరిక. అట్లతద్ది నాడు అందరిలా ఉయ్యాల ఊగాలి.

తద్ది వచ్చింది. చింతచెట్టుకు ఉయ్యాల వేశారు. అప్పుడు పక్కింటి దేముడమ్మ వదిన వచ్చి, "నువ్వు పడిపోతావే పిల్లా. నీ వంతు నేనూగుతాలే," అంది. ఊగింది కూడా.

ఆ తర్వాతి తద్దికి సింహాచలం అత్త వచ్చింది. "నీ తరఫున ఊగేశానే. నీ తరఫున నాలుగట్లు కూడా తిన్నాను," అంది. పాపం, ఎంత కష్టపడిందో!

ఆ పై ఏడాది బంగారమ్మ పెద్దమ్మ ఎక్కింది. కొమ్మ మూలిగింది. ఆవిడ దిగి చెమట తుడుచుకుని, "నీ మూలంగా ఎంత హడలిపోయానో!" అని నూకరత్నం మీదే విసుక్కుంది.

మూడేళ్ళూ నూకరత్నం వాళ్ళ చెప్పులకు కాపలా కాసింది.

ఇది ఏటిపాలెం గొడవ ఒక్కటే కాదు బుజ్జీ. ఏ దేశం వెళ్ళినా ఇలాంటి పిల్లలుంటారు. వాళ్ళ వంతు ఊగిపెట్టేవాళ్ళూ ఉంటారు. ఎక్కించేవాళ్ళే కరువు.

మళ్ళీ తద్ది వచ్చింది. అప్పుడు నూకరత్నం, "నాన్నా, నీ మోకు ఇయ్యి," అంది.

"ఎందుకే?"

"తాడిచెట్టు మీద నిన్ను పడకుండా పట్టుకుంటాది కదా. ఉయ్యాల మీద నన్ను పట్టుకోదా?"

అప్పలకొండ మోకు వైపు చూశాడు. రోజూ దాన్ని భుజాన మోసిన మనిషికి ఆ సంగతే తోచలేదు. మగాళ్ళంతే.

ఆ తర్వాత కూతుర్ని ఎత్తుకెళ్ళి ఉయ్యాల మీద కూర్చోబెట్టాడు. నడుముకు పాత చీర చుట్టి, దాని మీద మోకు వేసి ఉయ్యాల తాళ్ళకు కట్టాడు. ఒక్క తోపు తోశాడు. ఆ పైన తోసే పనే లేకపోయింది. నూకరత్నం తాళ్ళు లాగుతూ, వదులుతూ, ఒళ్ళు ముందుకూ వెనక్కూ వంచుతూ తనే ఊగింది. కొమ్మదాకా వెళ్ళింది. చింతాకులు రాలి బంగారమ్మ కొప్పులో పడ్డాయి. ఊరంతా నోరు తెరిచింది. ఆ ఊళ్ళో నోళ్ళు తెరుచుకున్నా మాట రాకపోవడం అదే మొదలు.

చాలాసేపటికి దేముడమ్మ వదిన తేరుకుని, "ఇంక దిగవే! మా వంతు ఎప్పుడు?" అని అరిచింది.

నూకరత్నం పైనుంచి, "మూడేళ్ళు నా వంతు మీరూగారు కదా వదినా! ఇయ్యాల మీ వంతు నేనూగుతున్నాను. చెప్పులు చూస్తూ ఉండండి!" అంది.

ముగ్గురూ చెప్పుల దగ్గర కూర్చున్నారు.

కథేమో ఊగుతూ కంచికి,
మనమేమో జోగుతూ మంచానికి.