బొల్లి మేక కడుగుడు మందు

కొండ కింద కంపదొడ్డిలో బొల్లి మేకకు కంటిమీద కునుకు లేదు. తోటి మేకలన్నీ పిల్లలకు పాలిస్తుంటే దానికి మాత్రం చూడి నిలవడం లేదు. "ఈ ఏడు కూడా ఇంతే అయితే కసాయికిచ్చేస్తా" అని కాపరి అననే అన్నాడు. అప్పటినుంచి ఎక్కడ కత్తి నూరిన చప్పుడైనా బొల్లి మంద మధ్యలోకి దూరేది.

దాని జోడైన కొమ్ముల పోతు మాత్రం గడ్డం ఎగరేసుకుంటూ తిరిగేది. "మా వంశంలో గొడ్డన్న మాటే లేదు. దోషం నీలోనే ఉందే" అనేది.

ఇది విన్న గుంటనక్క కంప పక్కకొచ్చి వినయం ఒలకబోసింది. "తల్లీ, నీ గర్భంలో కంటికి కనపడని పురుగులున్నాయి. ఒక్కటి మిగిలినా పిల్ల నిలవదు. వాగు పక్క గుంటలో ఉమ్మెత్తాకు నానబెట్టా. రోజూ సాయంత్రం ఒక్కదానివే వచ్చి అందులో కూర్చో. ఎవరికైనా చెప్పావో, మందు పారదు."

భయం ఎంతకైనా ఒప్పిస్తుంది. బొల్లి రోజూ వెళ్లింది. లోపల మంట పుట్టింది, నడక తూలింది. పొదలోంచి దాని డొక్కలు చూసి నక్క, "రేపటికి పరిగెత్తలేదు" అని మూతి నాక్కుంది.

తూలుతూ దొడ్డికి చేరిన బొల్లిని ముసలి బర్రె ఆపి నిలదీసింది. బొల్లి ఏడుస్తూ అంతా చెప్పేసింది.

"పిచ్చిదానా, కనపడనివన్నీ శత్రువులేనా?" అంది బర్రె. "కాపరి పెళ్లాం నా పాలలో వేసే తోడులో ఉన్నవీ కనపడని ప్రాణులే. అవి బతికుంటేనే పాలు పెరుగవుతాయి. నీ గర్భానికీ అలాంటి కాపలాలున్నాయి. ఆ మందుతో వాటినే చంపుకుంటున్నావు."

"మరి చూడెందుకు నిలవలేదవ్వా?"

"కుండ ఎంత తోమినా, పాలు పోసే చెంబు పాచిదైతే ఏం లాభం? ఏరా పోతూ, నీ ఒంట్లో బాగానే ఉందా?"

గుమ్మడికాయల దొంగంటే పోతు భుజాలు తడుముకుంది. "నాకేం, రాయిలా ఉన్నా" అంది. బర్రె చూపు తిప్పలేదు. పోతు గడ్డం మెల్లగా వాలిపోయింది.

"మూత్రానికి పోతే మంటవ్వా. చీము కారుతోంది. కాపరి చెయ్యి వేస్తే కుమ్ముతున్నా. తెలిస్తే నన్నే కసాయికిస్తాడని భయం."

బొల్లి దానివైపు చూసింది. "నీ భయానికి నా మెడ అడ్డం పెట్టావా?"

పోతు వచ్చి దాని ముందు కొమ్ములు వంచింది.

మర్నాడు సాయంత్రం బొల్లి గుంట దగ్గరికెళ్లింది. నక్క ఎదురొచ్చి, "ఇవాళ్టితో సరి తల్లీ. కళ్లు మూసుకుని దిగు" అంది.

"మందు ఇద్దరికీ కావాలి మామా. నా జోడునీ తెచ్చా."

బండ వెనకనుంచి కొమ్ములు కనపడగానే నక్క రెండడుగులు వెనక్కి వేసింది. "పోతుకెందుకు? రోగం ఆడదానిదే కదా!"

"నేనూ అలాగే అనేవాణ్ణి" అంటూ పోతు ఒక్క కుమ్ము కుమ్మింది. నక్క తన ఉమ్మెత్త నీళ్లలోనే పడి, గుటకలు మింగి, దిక్కు తెలియక పొదలకు కొట్టుకుంటూ పారిపోయింది.

తెల్లారాక పోతు తనంతట తానే వెళ్లి కాపరి ముందు కదలకుండా నిలబడింది. చీము చూసిన కాపరి కత్తి తియ్యలేదు, పశువుల డాక్టరును పిలిచాడు. ఆయన రెంటికీ మందిచ్చి, నయమయ్యేదాకా విడిగా కట్టెయ్యమన్నాడు.

వానలు పడ్డాక ఒకనాడు బొల్లి కడుపులో ఏదో కదిలింది. అప్పుడే దూరాన కత్తి నూరుతున్న చప్పుడు. బొల్లి ఉలిక్కిపడింది. పోతు కూడా ఉలిక్కిపడి, వచ్చి దాని పక్కన నిలబడింది.

నీతి: ఇద్దరి చేలో మొలక రాకపోతే, ఒకరి వైపే తవ్వి చూడకూడదు.